గేమింగ్‌కూ ఎడిటింగ్‌కూ ఒకటే పీసీ: ముందు కెమెరా ఫైల్ చూసుకోండి

ఖమ్మంలో పెళ్లి వీడియోలు తీసే మా మేనల్లుడు ఒకరోజు వాట్సాప్‌లో ఒక కొటేషన్ ఫొటో పంపాడు. కింద ఒక్కటే లైను: "మామయ్యా, ఇది తీసుకోవచ్చా?"

చేత్తో రాసిన కాగితం. పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఆరు రంగుల ఫ్యాన్లున్న క్యాబినెట్. ఆఖరి లైనులో 'ఎస్‌ఎంపీఎస్ 550 వాట్' (పీసీకి కరెంటు అందించే డబ్బా) అని ఉంది, కంపెనీ పేరు లేదు. పగలు పెళ్లిళ్ల ఎడిటింగ్, రాత్రి ఫ్రెండ్స్‌తో గేమ్స్. రెండింటికీ ఒకటే పీసీ కావాలి వాడికి.

అవును, కాదు అనకుండా ఒకటే అడిగాను. "నీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డ్ చేస్తుందిరా?"

"4కే మామయ్యా."

అందరూ చెప్పే జవాబే. దాన్ని పట్టుకుని పీసీ కొనలేం. ఈ సంగతి నాకు డబ్బు పోగొట్టుకున్నాకే తెలిసింది. కొన్నేళ్ల కింద నేనూ కాస్త డబ్బు మిగులుతుందని ఎఫ్ ప్రాసెసరే కొన్నాను. గేమ్స్ బ్రహ్మాండంగా ఆడింది. తర్వాత తెలిసినవాళ్ల పెళ్లి ఫుటేజీ టైమ్‌లైన్ మీద వేశాను. జీలకర్ర బెల్లం ఘట్టం. గట్టిమేళం ఆగకుండా వినిపిస్తోంది, బొమ్మ మాత్రం నాలుగు సెకన్లకోసారి కదులుతోంది. తలంబ్రాలు పోస్తుంటే బియ్యం గాల్లోనే నిలబడిపోయింది. గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుని ఉంది, ప్రాసెసర్ మాత్రం నూటికి నూరు శాతం మీద రొప్పుతోంది. తప్పు పూర్తిగా నాదే. ఏం కొంటున్నానో చూసుకోలేదు.

4:2:2 అంటే ఏమిటి, మనకెందుకు

మీ క్లిప్పును మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. మూడు సంగతులు చూడాలి: వీడియోను కుదించే పద్ధతి, అంటే కోడెక్, ఏది (హెచ్.264 లేదా హెచ్.265), రంగుల మెట్లు ఎన్నో చెప్పే బిట్ డెప్త్ ఎంత (8 లేదా 10), క్రోమా సబ్‌శాంప్లింగ్ ఎంత (4:2:0 లేదా 4:2:2). వీడియోలో వెలుతురు సమాచారం ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది. రంగు సమాచారం మాత్రం 4:2:0లో నాలుగు పిక్సెళ్లకు ఒకటి, 4:2:2లో రెండు పిక్సెళ్లకు ఒకటి. కలర్ గ్రేడింగ్‌లో పట్టుచీర ఎరుపు చెడకుండా నిలబడాలంటే 4:2:2 మేలు. అందుకే ఈ మధ్య వచ్చే మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు 10 బిట్ 4:2:2 ఇస్తున్నాయి, పెళ్లి కెమెరామెన్ కూడా దాన్నే పెట్టుకుంటున్నారు.

చిక్కు ఎక్కడంటే, ఇలా కుదించిన వీడియోను విప్పడానికి ప్రాసెసర్‌లోనో గ్రాఫిక్స్ కార్డులోనో విడిగా ఒక డీకోడర్ భాగం ఉంటుంది. 4:2:0ని దాదాపు అన్ని కార్డులూ అవలీలగా విప్పుతాయి. 4:2:2 దగ్గరే తేడాలొస్తాయి. ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ దాకా ఆ సౌకర్యం లేదు. 2025లో వచ్చిన 50 సిరీస్‌లోనే హెచ్.264, హెచ్.265 రెండింటికీ 4:2:2 డీకోడింగ్ పెట్టారు. ఏఎండీ రేడియాన్ కార్డుల్లో ఆర్‌ఎక్స్ 9000 సిరీస్ వచ్చినా అది రాలేదు. ఇంటెల్‌లో 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగమే, అంటే క్విక్ సింక్, హెచ్.265 4:2:2ని విప్పుతుంది. కానీ ఎఫ్ ప్రాసెసర్‌లో ఆ గ్రాఫిక్స్ భాగాన్ని ఆపేసి అమ్ముతారు. నేను మిగుల్చుకున్న డబ్బు అదన్నమాట.

ఇంకో మెలిక ఉంది. సోనీ కెమెరాల్లో ఎక్స్ఏవీసీ హెచ్‌ఎస్ అంటే హెచ్.265, ఎక్స్ఏవీసీ ఎస్ అంటే హెచ్.264. రెండోదాన్ని 10 బిట్ 4:2:2లో తీస్తే చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో క్విక్ సింక్ కూడా చేతులెత్తేస్తుంది, బరువంతా ప్రాసెసర్ కోర్ల మీదే పడుతుంది. ఆర్‌టీఎక్స్ 50 కార్డులు మాత్రం రెండింటినీ మోస్తాయి. ప్రీమియర్ ప్రో, డావిన్చీ రిజాల్వ్ స్టూడియో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు 2025లో దీన్ని వాడుకోవడం మొదలుపెట్టాయి.

ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లకు, గేమ్‌ప్లే రికార్డ్ చేసేవాళ్లకు ఇదేదీ అక్కర్లేదు. ఫోన్లు మామూలుగా తీసే వీడియో 4:2:0. మీకు ఏ కార్డైనా సరిపోతుంది, కాబట్టి గేమ్స్‌కు ఏది బాగుంటుందో అదే కొనుక్కోండి.

మావాడి క్లిప్పు తెరిస్తే హెచ్.265, 10 బిట్, 4:2:2 అని తేలింది. కొటేషన్‌లో మొదటి లైను అక్కడే కొట్టేశాం.

ప్రాసెసర్: రైజెనా, ఇంటెలా

గేమ్స్ ఒక్కటే అయితే ఇక్కడ చర్చే లేదు. రైజెన్ 7 7800ఎక్స్3డీ, 2024 నవంబర్లో వచ్చిన 9800ఎక్స్3డీ, రెండూ ఎనిమిది కోర్లవే. వీటికి 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంటుంది, మామూలు 9700ఎక్స్‌కు 32 ఎంబీయే. గేమ్ మాటిమాటికీ అడిగే డేటా ర్యామ్ దాకా వెళ్లకుండా ఆ క్యాష్‌లోనే దొరుకుతుంది. 1080పీలో, ఎక్కువ హెర్ట్జ్ మానిటర్ మీద ఆడేవాళ్లకు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 4కేలో ఆడితే బరువు గ్రాఫిక్స్ కార్డు మీదకు మారిపోతుంది, అప్పుడు ఆ క్యాష్ వల్ల ఒరిగేది తక్కువ.

ఎడిటింగ్‌లో లెక్క వేరు. ఎఫెక్టులు, స్టెబిలైజేషన్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ టైటిల్స్, ఇవన్నీ కోర్లు అడుగుతాయి. ఇంటెల్ కోర్ అల్ట్రా 7 265కేలో 8 పెద్ద కోర్లు, 12 చిన్న కోర్లు, మొత్తం 20. క్విక్ సింక్ కూడా ఉంది. గేమ్స్‌లో ఎక్స్3డీ రైజెన్ల కన్నా వెనకబడుతుంది, అది నిజం. కానీ 1440పీలో మధ్యస్థమైన కార్డుతో ఆడేవాడికి ఆ వెనకబాటు చాలా గేముల్లో కంటికి ఆనదు. రైజెన్‌లో కోర్లు కావాలంటే 12 కోర్ల 9900ఎక్స్, 16 కోర్ల 9950ఎక్స్ ఉన్నాయి. ఎక్కువ కోర్లూ, పెద్ద క్యాషూ రెండూ ఒకే చిప్‌లో కావాలంటే 9950ఎక్స్3డీ ఉంది. పెళ్లిళ్ల సీజన్ బాగా నడిచినవాళ్లు దాని సంగతి చూడొచ్చు.

రైజెన్ వైపు నన్ను లాగే అసలు విషయం సాకెట్, అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు 2027 దాకా, ఆ తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది. అంటే మూడేళ్ల తర్వాత మదర్‌బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. ఇంటెల్‌లో రెండు మూడు తరాలకోసారి సాకెట్ మారిపోవడం మామూలే.

సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు చవగ్గా దొరికితే ఒక్క క్షణం ఆగండి. వోల్టేజీ ఎక్కువై చిప్ మెల్లమెల్లగా దెబ్బతినే లోపం వాటిలో బయటపడింది. ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. సవరణ రాకముందే దెబ్బతిన్న చిప్ మాత్రం దాంతో బాగుపడదు. పాత యజమాని ఆ సవరణలు తెచ్చే బయాస్ (మదర్‌బోర్డు మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాడో లేదో మీకెలా తెలుస్తుంది?

మావాడికి చివరికి రెండు దారులు మిగిలాయి. ఒకటి, 265కే, దానితో ఏదో ఒక మంచి కార్డు. రెండు, రైజెన్, దానితో తప్పనిసరిగా ఆర్‌టీఎక్స్ 50 కార్డు. రైజెన్‌తో రేడియాన్ జత గేమ్స్‌కు మంచిదే, కానీ వాడి ఫుటేజీకి పనికిరాదు. అలాంటి పీసీ ఇప్పటికే ఉన్నవాళ్లు ఎడిటింగ్‌కు ముందు ప్రాక్సీలు (క్లిప్పులకు తేలికపాటి నకళ్లు) తయారు చేసుకోవడం నేర్చుకుంటే పైసా ఖర్చు లేకుండా పని నడుస్తుంది. రాత్రి ప్రాక్సీలు పెట్టి పడుకుంటే పొద్దున్నకు తయారవుతాయి. ఓపిక ఉన్నవాడికి అదీ మార్గమే.

గ్రాఫిక్స్ కార్డు

షాపుల్లో ఎక్కువగా అంటగట్టేది 8 జీబీ కార్డు. గేమ్స్ మీడియం సెట్టింగ్స్‌లో 1080పీలో ఆడితే అది చాలు, కాదనను. కానీ రిసెప్షన్ రాత్రి ఫుటేజీ గుర్తు తెచ్చుకోండి. ఫంక్షన్ హాల్ లైట్లు ఆర్పేసి, స్టేజీ మీద ఒక్క స్పాట్‌లైట్ వేసి, ఐఎస్‌ఓ పెంచి తీసిన ఫుటేజీ. నిండా గ్రెయిన్స్. దాని మీద రిజాల్వ్‌లో నాయిస్ రిడక్షన్ వేస్తే, 4కే టైమ్‌లైన్ మీద 8 జీబీ కార్డు 'జీపీయూ మెమరీ ఫుల్' అని మొరాయిస్తుంది. రెండర్ మధ్యలో వస్తే ఇంకా టెన్షన్, ఎందుకంటే అప్పటికి పెళ్లికొడుకు నాన్నగారు రెండుసార్లు ఫోన్ చేసి ఉంటారు.

ఆర్‌టీఎక్స్ 5060 టీఐ రెండు రకాలుగా వస్తుంది, 8 జీబీ, 16 జీబీ. 2025 ఏప్రిల్‌లో విడుదలైనప్పుడు అమెరికాలో ధరలు 379, 429 డాలర్లు. తేడా 50 డాలర్లే. పేరు ఒకటే, డబ్బా మీద అంకె ఒక్కటే తేడా. కొటేషన్‌లో '5060 టీఐ' అని మాత్రమే ఉంటే మెమరీ ఎంతో రాయించుకోండి. ఎడిటింగ్ చేసేవాడికి నా ఓటు 16 జీబీకే.

దానిపైన 5070 ఉంది. గేమ్స్‌లో ఇంకా వేగం, కానీ మెమరీ 12 జీబీ. ఇక్కడే నేనూ కాస్త తటపటాయించాను. గేమ్స్ ప్రధానం, ఎడిటింగ్ అప్పుడప్పుడు అంటే 5070. ఎడిటింగ్ మీదే బతుకు అంటే నిదానమైనా సరే 16 జీబీ ఉన్న 5060 టీఐ. రెండూ కావాలి, డబ్బూ ఉంది అంటే 16 జీబీ ఉన్న 5070 టీఐ. మధ్యలో ఆగలేక పైకి ఎగబాకేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, 5060 టీఐ 180 వాట్లు తాగితే 5070 టీఐ 300 వాట్లు తాగుతుంది. దాంతోపాటు ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్, ఏసీ బిల్లు కూడా ఎగబాకుతాయి.

రేడియాన్‌లో 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, 9070 ఎక్స్‌టీ గేమ్స్‌కు పెట్టిన డబ్బుకు తగ్గ కార్డులు. మీది 4:2:0 ఫుటేజీ అయితే, లేదా ఇంటెల్ క్విక్ సింక్ పక్కన ఉంటే, నిక్షేపంగా కొనొచ్చు. బ్లెండర్‌లాంటి 3డీ పని చేసేవాళ్లు మాత్రం ఎన్‌విడియా వదలొద్దు.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా మండిపోయాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నీ ఎగరేసుకుపోవడమే కారణం. అందుకని '64 జీబీ కొనెయ్' అని తేలిగ్గా చెప్పే రోజులు పోయాయి. ఎడిటింగ్‌కు 32 జీబీతో పని నడుస్తుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో రోజంతా ఉండేవాళ్లకే 64.

'ఇప్పుడు ఒక స్టిక్ వేసుకోండి, తర్వాత ఇంకోటి వేద్దాం' అని షాపులో అంటారు. వద్దు. ఒక్క స్టిక్‌తో మెమరీ బ్యాండ్‌విడ్త్ సగానికి పడిపోతుంది. తర్వాత కొనే స్టిక్ దీనితో కలిసి నడుస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. రెండు పదహార్ల కిట్ తీసుకోండి. నాలుగు స్లాట్లూ నింపితే డీడీఆర్5 వేగం తగ్గిపోతుంది, కాబట్టి 64 కావాలంటే రెండు ముప్పైరెండ్లే. రైజెన్‌కు 6000 వేగం సరిపోతుంది. ఇంటికొచ్చాక బయాస్‌లో ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌పో, ఇంటెల్‌కైతే ఎక్స్ఎంపీ ఆన్ చేయడం మరిచిపోకండి. 6000 ర్యామ్ కొని ఏళ్ల తరబడి 4800 మీద నడిపేవాళ్లు నాకు తెలుసు.

స్టోరేజీకి ఒక చిన్న లెక్క వేసుకుందాం. 4కే 50పీ, 10 బిట్ 4:2:2 ఫుటేజీ సెకనుకు 200 మెగాబిట్లు అనుకుంటే అది 25 మెగాబైట్లు. నిమిషానికి 1.5 జీబీ, గంటకు 90 జీబీ. మూడు కెమెరాలు, ఒక్కోటి నాలుగు గంటలు తిరిగితే ఒక్క పెళ్లికే 1,080 జీబీ. కొటేషన్‌లోని 500 జీబీ ఎస్‌ఎస్‌డీలో విండోస్, రెండు పెద్ద గేమ్‌లు పోగా ఎదురుకోలు దాకా పడుతుంది, ముహూర్తం బయటే నిలబడాలి.

ఇదే లెక్క ఇంకో సంగతీ చెబుతుంది. మూడు కెమెరాలు ఒకేసారి ఆడించినా కావలసింది సెకనుకు 75 మెగాబైట్లే. జెన్4 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు 7,000 దాకా ఇస్తాయి. 14,000 ఇచ్చే జెన్5 డ్రైవ్‌కు డబ్బు పోయడం ఇక్కడ వృథా, పైగా అది బాగా వేడెక్కుతుంది. చూడాల్సింది ఒక్కో మెమరీ సెల్‌లో మూడు బిట్లు దాచే టీఎల్‌సీయా, నాలుగు దాచే క్యూఎల్‌సీయా అన్నది. క్యూఎల్‌సీ డ్రైవ్ మొదట్లో ఉరుకుతుంది. కార్డుల్లోంచి వందల జీబీలు వరసగా కాపీ చేస్తూ పోతే దాని క్యాష్ నిండిపోయి వేగం హార్డ్‌డిస్క్ స్థాయికి జారుతుంది. రాత్రి రెండింటికి పెళ్లి నుంచి వచ్చి కార్డులు ఖాళీ చేసేవాడికే ఆ బాధ తెలుసు.

మావాడికి 1 టీబీ డ్రైవ్ విండోస్‌కూ గేమ్స్‌కూ, 2 టీబీ టీఎల్‌సీ డ్రైవ్ నడుస్తున్న ప్రాజెక్టుకు, అయిపోయిన పెళ్లిళ్లకు ఒక పెద్ద హార్డ్‌డిస్క్ పెట్టాం. అందుకని మదర్‌బోర్డు మీద కనీసం రెండు ఎం.2 స్లాట్లు (ఎస్‌ఎస్‌డీలు బిగించే చోట్లు) ఉన్నాయో లేదో చూశాం. మదర్‌బోర్డు గురించి అంతకు మించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. రైజెన్‌కు బీ650 లేదా బీ850, కోర్ అల్ట్రాకు బీ860 చాలు.

కరెంటు, ఎండ

విదేశీ వీడియోల్లో ఎవరూ చెప్పని భాగం ఇది. వాళ్ల గదిలో 22 డిగ్రీలుంటాయి. మే నెలలో ఖమ్మంలో బయట 44 దాటుతుంది, ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 38కి తగ్గదు. క్యాబినెట్‌లోకి వెళ్లే గాలే అంత వేడిగా ఉంటే కూలర్ ఏం చల్లబరుస్తుంది? ముందు అద్దం బిగించిన క్యాబినెట్ కన్నా జాలీ ఉన్న క్యాబినెట్ నయం. దుమ్ము ఎక్కువ పడుతుంది, నిజమే, ఫిల్టర్ తీసి కడుక్కోవాలి. లిక్విడ్ కూలర్ కన్నా రెండు టవర్ల ఎయిర్ కూలర్‌నే నేను ఇష్టపడతాను. అందులో చెడిపోయేది ఫ్యాన్ ఒక్కటే, అది ఎక్కడైనా దొరుకుతుంది. అయితే క్యాబినెట్‌లో దాని ఎత్తు పడుతుందో లేదో ముందే కొలుచుకోండి.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర పొదుపు చేయొద్దు. ఎన్‌విడియా లెక్క ప్రకారం 5060 టీఐకి 600 వాట్లు, 5070కి 650, 5070 టీఐకి 750 ఉండాలి. 80 ప్లస్ గోల్డ్ ముద్ర చెప్పేది కరెంటు ఎంత ఆదా అవుతుందన్నదే, లోపలి సరుకు నాణ్యత గురించి అది ఏమీ చెప్పదు. వారంటీ ఎన్నేళ్లో చూడండి. తన సరుకు మీద నమ్మకమున్న కంపెనీ ఏడేళ్లో పదేళ్లో ఇస్తుంది.

యూపీఎస్ విషయంలో నాకు ఇంకో దెబ్బ తగిలింది. ఇంట్లో 600 వీఏ యూపీఎస్ ఉంది కదా అని ధీమాగా రెండర్ పెట్టాను. సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్కసారి కుయ్‌మని ఆరిపోయింది. తర్వాత దాని వెనక స్టిక్కర్ చదివితే 600 వీఏ, 360 వాట్లు అని రాసి ఉంది. ప్రాసెసర్, కార్డు, మానిటర్ కలిపి అప్పుడు లాగుతున్నది అంతకన్నా ఎక్కువ. వీఏ కాదు, వాట్లు చూడాలి. 1100 వీఏ రకం చాలావరకు 660 వాట్లు ఇస్తుంది. దానితో ఐదు పది నిమిషాలు దొరుకుతాయి. ప్రాజెక్టు సేవ్ చేసి ఆపుకోవడానికి అది చాలు.

కొనే రోజు

ఇద్దరం సికింద్రాబాద్ వెళ్లి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే సీటీసీలో, మధ్యాహ్నమంతా తిరిగాం. రైజెన్ 7 9700ఎక్స్, 16 జీబీ 5060 టీఐ, రెండు పదహార్ల ర్యామ్ తీసుకున్నాడు. 265కే కూడా తప్పేమీ కాదు. కాకపోతే వాడు ఇంకో రెండేళ్లకు ప్రాసెసర్ మారుస్తానంటున్నాడు, అందుకే ఏఎం5 వైపు మొగ్గాం. మిగిలిన డబ్బు 27 అంగుళాల 1440పీ ఐపీఎస్ మానిటర్‌కు వెళ్లింది. గేమ్స్‌కు 180 హెర్ట్జ్, ఎడిటింగ్‌కు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధి. రంగుల ఫ్యాన్లు కావాలని పట్టుబట్టాడు, సరే కానీ అన్నాను. వయసు అలాంటిది.

వెళ్లేటప్పుడు మీ సొంత క్లిప్పు ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. అసెంబుల్ చేసి విండోస్ వేశాక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ట్రయల్‌లో దాన్ని ఆడించండి. టాస్క్ మేనేజర్ తెరిచి జీపీయూ పేజీలో 'వీడియో డీకోడ్' గ్రాఫ్ చూడండి. అది పైకి లేచి, సీపీయూ ప్రశాంతంగా ఉంటే డీకోడర్ పని చేస్తున్నట్టు. రిజాల్వ్ వాడేవాళ్లకు ఒక మాట: ఉచిత వెర్షన్ 4కే యూహెచ్‌డీ, 60 ఫ్రేములు దాటి ఎక్స్‌పోర్ట్ చేయదు, నాయిస్ రిడక్షన్ కూడా స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. దాని అమెరికా ధర 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. దాన్నీ బడ్జెట్‌లోనే వేసుకోండి.

జీఎస్టీ బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఒప్పుకోకండి. వారంటీకి బిల్లే ఆధారం. స్టూడియోకు జీఎస్టీ నంబర్ ఉంటే కట్టిన 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా చూపించుకోవచ్చు కూడా. బిల్లులో ఒక్కో పార్టు సీరియల్ నంబర్ రాయించుకుని, అక్కడే నిలబడి డబ్బాల మీది నంబర్లతో సరిచూసుకోండి. బిల్లు నున్నటి థర్మల్ కాగితమైతే ఏడాది తిరిగేసరికి అక్షరాలు మాయమవుతాయి, ఇంటికొచ్చిన రోజే ఫొటో తీసి పెట్టుకోండి.